మోకాళ్ల అరుగుదల: వ్యాయామం, మాత్ర, ఇంజెక్షన్, ఆపరేషన్‌లలో ఎవరికి ఏది?

యాభై దాటిన వాళ్లున్న ఇంట్లో మోకాళ్ల నొప్పి మాట రాని వారం ఉండదు. ఎక్స్‌రే తీయిస్తారు, "గుజ్జు అరిగిపోయింది" అంటారు. అక్కడి నుంచి ఒక్కొక్కరు ఒక్కో దారి చూపిస్తారు. ఒక డాక్టరు మాత్రలు రాస్తారు. ఇంకొకరు మోకాల్లోకి ఇంజెక్షన్ అంటారు. వీధి చివరి క్లినిక్‌లో పది రోజులు కరెంట్ పెట్టించుకోమంటారు. పెద్ద ఆసుపత్రికి వెళితే మోకీలు మార్చేద్దామంటారు. ఆపరేషన్ చేయించుకుని మేనత్త హాయిగా తిరుగుతోందని ఒకరు చెబితే, పక్కింటాయన ఇంకా కుంటుతున్నాడని మరొకరు చెబుతారు. వినేవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఈ దారులన్నీ ఒకే స్థాయివి కావు. వ్యాయామం దాదాపు అందరికీ అవసరం. మాత్ర, ఇంజెక్షన్ దానికి కొన్నాళ్ల తోడు మాత్రమే. ఆపరేషన్ కొందరికే, కానీ ఆ కొందరికి అది నిజంగా మేలు చేస్తుంది. మన దగ్గర ఈ వరుస తిరగబడింది. మాత్రలతో మొదలుపెట్టి, ఇంజెక్షన్‌ల మీదుగా ఆపరేషన్ దాకా వెళ్లిపోయి, ఆ తర్వాత ఎవరో చెబితే మొదటిసారి వ్యాయామం చేస్తున్నారు. దీన్ని సరిచేయాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు అది అరుగుదలేనా?

మోకాలు నొప్పి పెడితే అంతా అరుగుదలే కాదు. బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం, వయసు 45 దాటి ఉండాలి, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి పెరగాలి, పొద్దున లేవగానే బిగుతు ఉండకూడదు, ఉన్నా అరగంటలోపే వదలాలి. ఈ మూడూ కలిస్తే ఎక్స్‌రే కూడా లేకుండా అరుగుదల అని నిర్ధారించవచ్చు.

లక్షణాలు ఇలా లేకపోతే వేరే జబ్బుల గురించి ఆలోచించాలి. పొద్దున బిగుతు గంట దాటినా వదలకపోతే, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాస్తుంటే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. దానికి వ్యాయామం ఒక్కటే చాలదు. కీళ్లవాతాల నిపుణుడు, అంటే రుమటాలజిస్టు దగ్గరకు త్వరగా వెళ్లాలి, ఆలస్యమయ్యేకొద్దీ కీళ్లు వంకరపోతాయి. రాత్రికి రాత్రి కీలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్‌ను, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే జబ్బును అనుమానించాలి. జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్లన్నీ పట్టేస్తుంటే చికున్‌గున్యా గుర్తుకు రావాలి. 2005 చివర్లో అది దేశంలో మళ్లీ తలెత్తినప్పుడు మొదట దెబ్బతిన్న ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ నొప్పులు చాలామందిని చాలాకాలం వదల్లేదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాళ్లకు మోకాళ్లతో పాటు మెడ, నడుము కూడా కర్రలా బిగుసుకుపోతే ఫ్లోరోసిస్ పరీక్షలు చేయించాలి. అలాంటి వాళ్లకు మోకాలి చికిత్స మాత్రమే చేస్తూ పోతే సగం జబ్బును వదిలేసినట్టే.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. నొప్పి మోకాల్లో తెలుస్తున్నా మూలం తుంటిలోనో నడుములోనో ఉంటుంది. గజ్జల్లో నొప్పి ఉండి, సాక్సు వేసుకోవడానికి కాలు మీద కాలు వేయలేకపోతే తుంటి కీలు చూపించుకోవాలి. నడుము నుంచి పిరుదు మీదుగా కాల్లోకి జారే నొప్పి, తిమ్మిరి, మంట ఉంటే అది నరం ఒత్తిడి, అంటే సయాటికా కావచ్చు. మంచి ఫిజియోథెరపిస్టు ఎవరైనా మోకాలి నొప్పని వచ్చిన వాళ్ల తుంటినీ నడుమునూ కదిపి చూస్తారు. అలా చూడకుండానే మెషిన్ మీద పడుకోబెడితే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. జ్వరంతో పాటు మోకాలు వేడిగా వాచి కదపనివ్వకపోతే అది కీలు లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పడిన తర్వాత కాలు మీద బరువు మోపలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెడుతూ ఆయాసం వచ్చినా నేరుగా ఆసుపత్రికే. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పితో పాటు బరువు తగ్గిపోతుంటే దాన్ని అరుగుదల ఖాతాలో వేయకండి.

ఎక్స్‌రే గ్రేడు ఎంత చెబుతుంది?

రిపోర్టులో కనిపించే 0 నుంచి 4 గ్రేడ్లను కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో రూపొందించారు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో ఎముక ఎంత పెరిగిందన్నదే వాటి లెక్క. నొప్పి ఎంతో, నడక ఎంత దెబ్బతిన్నదో అందులో ఉండదు. గ్రేడ్ 4 ఉండి మార్కెట్‌కు నడిచి వెళ్లే వాళ్లున్నారు. గ్రేడ్ 2తో మంచం దిగలేని వాళ్లూ ఉన్నారు. మనం గుజ్జు అనే మృదులాస్థికి అసలు నరాలే ఉండవు. నొప్పి దాని చుట్టూ ఉన్న పొర, ఎముక, కండరాల నుంచి వస్తుంది. అందుకే అరుగుదల అలాగే ఉండగా కూడా నొప్పి తగ్గగలదు. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

ఎంఆర్ఐ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. యాభై దాటిన వాళ్ల మోకాళ్లకు ఎంఆర్ఐ తీస్తే మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరుగు కనిపించడం మామూలే, ఏ నొప్పీ లేని వాళ్లలో కూడా. ఆ చిరుగును చూపించి ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా గొట్టం పెట్టి, "క్లీన్" చేద్దామంటే తొందరపడకండి. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిగిన అధ్యయనంలో, అరుగుదలకు నిజంగా ఆర్థ్రోస్కోపీ చేసిన వాళ్లకూ, చర్మం మీద కోతలు పెట్టి ఊరికే కుట్టేసిన వాళ్లకూ ఫలితంలో తేడా రాలేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన నిపుణుల మార్గదర్శకం అరుగుదలకు ఈ ఆపరేషన్ వద్దనే చెప్పింది. ఆటలో దెబ్బ తగిలిన కుర్రాళ్ల విషయం వేరు. చిరిగిన ముక్క కీలు లోపల ఇరుక్కుపోయి కాలు చాపలేకపోతున్న వాళ్ల విషయమూ వేరు.

కరెంటా, వ్యాయామమా?

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే "కరెంట్ పెట్టించుకోవడం" అనే అనుకుంటారు. ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్, షార్ట్‌వేవ్ డయాథర్మీ అంటూ మెషిన్లు చాలా ఉన్నాయి. పడుకుంటే చాలు, చెమట పట్టదు, కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి నిజమే, కానీ ఎక్కువ సేపు నిలవదు. అరుగుదలకు ఇలాంటి కరెంట్ చికిత్సలు ఇవ్వవద్దని నైస్ 2022లో స్పష్టంగా చెప్పింది, వాటి వల్ల మేలు జరుగుతుందని చూపే రుజువు సరిపోదని. నా అభిప్రాయం ఇది: నొప్పి ఎక్కువై కాలు కదపలేని మొదటి రోజుల్లో, వ్యాయామానికి ముందు ఒక పది నిమిషాలు పెడితే తప్పు లేదు. చికిత్స మొత్తం అదే అయితే డబ్బు, సమయం రెండూ వృథా. గుండెకు పేస్‌మేకర్ ఉన్న వాళ్లు ముందే చెప్పాలి. ఒంట్లో లోహపు ప్లేటు, కృత్రిమ కీలు ఉంటే ఆ చోట షార్ట్‌వేవ్ పెట్టకూడదు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారిన వాళ్లకు వేడి కాపడం చర్మాన్ని కాల్చేసినా తెలియదు. వావిలాకు కాపడానికీ, రాళ్ల ఉప్పు మూటకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

వ్యాయామం చేసే పని వేరు. మోకాలి మీద పడే భారాన్ని ముందుగా కాచుకునేది తొడ ముందు భాగపు కండరం. నొప్పికి భయపడి కాలు వాడటం తగ్గించగానే అది చిక్కిపోతుంది. అప్పుడు భారమంతా కీలు మీదే పడి నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే కాలు వాడటం మరింత తగ్గుతుంది. ఈ చక్రాన్ని విరగ్గొట్టేది కండరానికి బలం పెంచడం ఒక్కటే. "నడిస్తే ఇంకా అరుగుతుంది కదా" అని చాలామంది అడుగుతారు. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలి, ఒత్తిడి పడి వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. తగుమాత్రం కదలిక దానికి మేలే చేస్తుంది.

ఏం చేయాలి? మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద మడిచిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ ఐదు లెక్కపెట్టేదాకా తొడ బిగించడం మొదటిది. వెల్లకిలా పడుకుని కాలు మడవకుండా జానెడు ఎత్తు లేపి నెమ్మదిగా దించడం రెండోది. మోకాళ్లు మడిచి పడుకుని పిరుదులు పైకి లేపడం, గోడ పట్టుకుని మడమలు లేపడం ఆ తర్వాత. వీటన్నిటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది కుర్చీ వ్యాయామానికి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చోవాలి. రోజూ పదిసార్లు మనకు అవసరమయ్యే కదలికే అది. మొదట ఎత్తు కుర్చీతో మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ తక్కువ ఎత్తుకు దిగవచ్చు. తర్వాత ఒక చిన్న మెట్టు ఎక్కి దిగడం కలపాలి. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలుగా, వారానికి మూడు రోజులు చేయాలి. మిగతా రోజుల్లో నడక, లేదా కదలని సైకిల్ తొక్కడం.

నొప్పి వస్తే ఆపాలా? సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేని నొప్పి అనుకుంటే, చేసేటప్పుడు ఐదు దాకా ఉన్నా ఫర్వాలేదు. అయితే మర్నాటికల్లా ఆ నొప్పి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే వ్యాయామాన్ని మానేయకుండా కాస్త తగ్గించాలి. డెన్మార్క్‌లో 2013లో మొదలై తర్వాత అనేక దేశాలకు వెళ్లిన గ్లాడ్ అనే కార్యక్రమం ఇలాంటి నియమం మీదే నడుస్తుంది. జబ్బు గురించి రెండు పాఠాలు, ఆ తర్వాత ఆరు వారాల్లో ఫిజియోథెరపిస్టు ఎదుట పన్నెండు సార్లు వ్యాయామం. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మన దగ్గర చాలామంది పదో రోజునే తేల్చేస్తారు, అదే ఇబ్బంది.

ఇంట్లోనా, క్లినిక్‌లోనా?

మొదటి కొన్ని సార్లు ఎవరైనా ఎదురుగా ఉండి నేర్పడం మంచిది. వీడియోలో చూసి చేసేవాళ్లు ఎక్కువగా సులువైన కదలికలతోనే ఆగిపోతారు, బరువు పెంచరు. పద్ధతి ఒంటబట్టాక ఇంట్లోనే కొనసాగించుకోవచ్చు, రెండు వారాలకోసారి చూపించుకుంటే చాలు. కదల్లేని పెద్దవాళ్లకు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు సౌకర్యమే, కానీ ఆయన కాళ్లు పట్టి కదిపి వెళ్లిపోతే లాభం లేదు. పెద్దవాళ్లే లేచి చేయాలి.

ఫిజియోథెరపిస్టును ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మెషిన్ల సంఖ్యను కాదు. ఆయన ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ గానీ, పీజీ ఎంపీటీ గానీ చదివారా, మొదటి రోజు కాలు మడత ఎంత, బలం ఎంత, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు అని కొలిచి రాసుకున్నారా, మూడు వారాల తర్వాత మళ్లీ కొలిచారా అన్నవి చూడండి. కొలత లేని చోట మెరుగుదల కూడా మాటల్లోనే ఉంటుంది.

బరువు గురించి రెండు మాటలు చాలు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపారు. ఎనభై కిలోల మనిషి ఐదారు కిలోలు తగ్గినా మెట్ల దగ్గర తేడా తెలుస్తుంది.

మాత్రలు, పూతలు

పూతతో మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి బాగానే పనిచేస్తుంది, కడుపుకూ కిడ్నీకీ మాత్ర చేసేంత హాని చేయదు. పారాసిటమాల్ చాలామంది అనుకున్నంత పనిచేయదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి మాత్రలు పనిచేస్తాయి, కానీ కొద్ది రోజులకే, తక్కువ మోతాదులో, డాక్టరు చెప్తేనే వాడాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లు, గుండె జబ్బు, అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల వాళ్లు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించకుండా ఈ మాత్రల జోలికే వెళ్లవద్దు.

పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులు, మాత్రలు మరీ ప్రమాదం. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. నెలల తరబడి అది ఒంట్లోకి వెళితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇంత కష్టపడే మన అమ్మానాన్నలు ఇలాంటి పొట్లాలకు డబ్బు పోసి ఒళ్లు పాడుచేసుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గ్లూకోసమైన్ మాత్రలకు అంత హాని లేదు గానీ, 2006లో అమెరికాలో సుమారు 1,600 మంది మీద జరిగిన పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే అవి మెరుగు కాదని తేలింది. నెలనెలా వాటికయ్యే డబ్బుతో మంచి వాకింగ్ బూట్లు కొనుక్కోవచ్చు.

మోకాల్లోకి ఇంజెక్షన్: మూడు రకాలు, మూడు కథలు

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు, నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు త్వరగా ఉపశమనం ఇస్తుంది. అది కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు ఉంటుంది. ఇంట్లో పెళ్లి ఉందనో, నొప్పితో వ్యాయామం మొదలుపెట్టలేకపోతున్నారనో ఒకసారి వేయించుకోవడం సబబే. పదే పదే మాత్రం వద్దు. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 140 మందిని రెండు గుంపులు చేసి, రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి ఒక గుంపుకు స్టెరాయిడ్, మరో గుంపుకు ఉప్పు నీళ్లు ఎక్కించారు. నొప్పిలో తేడా రాలేదు. స్టెరాయిడ్ వాళ్లలో గుజ్జు ఎక్కువ తగ్గింది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు షుగర్ పెరుగుతుంది. మోకీలు మార్పిడి ఆలోచన ఉంటే దానికి ముందు మూడు నెలల్లో ఈ ఇంజెక్షన్ వేయించుకోకూడదు, ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది.

ఇదే ఇంజెక్షన్‌ను ఫిజియోథెరపీతో నేరుగా పోల్చిన అధ్యయనం కూడా ఉంది. 2020లో అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందిని సగం సగం చేశారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ, పనులు చేసుకోవడంలోనూ ఫిజియోథెరపీ వాళ్లే ముందున్నారు.

"గుజ్జు ఇంజెక్షన్", "జెల్ ఇంజెక్షన్" అని అమ్మేది హైఅల్యూరానిక్ యాసిడ్. ఖరీదు ఎక్కువ, మేలు చాలా స్వల్పం. నైస్ వద్దంది, అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ మామూలుగా అందరికీ వాడవద్దంది. అది వేయించుకుంటే కొత్త గుజ్జు పుడుతుందన్న మాటలో నిజం లేదు. సొంత రక్తం తీసి వేసే పీఆర్‌పీ మీద ఆశలు చాలా పెట్టుకున్నారు. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందితో జరిగిన అధ్యయనంలో ఏడాది తర్వాత అది ఉప్పు నీళ్ల ఇంజెక్షన్‌ను మించలేదు. స్టెమ్ సెల్స్ అని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప చికిత్సగా అమ్మకూడదు.

చేతికర్ర మాత్రం వీటన్నిటి కంటే చవక, ఉపయోగం ఎక్కువ. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేత్తో పట్టుకోవాలి. చాలామంది అదే వైపు పట్టుకుని కుంటుతూ ఉంటారు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే దానిపై పెట్టుకునే కమోడ్ స్టాండు కొనండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మోకాలి పట్టీ (నీ క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉందనిపిస్తే బయటికెళ్లేటప్పుడు వేసుకోండి, రోజంతా కాదు.

ఆపరేషన్: ఎప్పుడు, ఏ రకం?

ఆపరేషన్‌ను భూతంలా చూపించడం నాకిష్టం లేదు. డెన్మార్క్‌లో వంద మందితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ ఎంపికకు చాలా ఉపయోగపడుతుంది. యాభై మందికి మోకీలు మార్చి పన్నెండు వారాలు వ్యాయామం, ఇతర చికిత్సలు చేశారు. మిగతా యాభై మందికి ఆపరేషన్ లేకుండా అవే చికిత్సలు చేశారు. ఏడాదికి రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. ఆపరేషన్ వాళ్లు దాదాపు రెట్టింపు మెరుగుపడ్డారు, కానీ తీవ్రమైన ఇబ్బందులు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. రెండో గుంపులో ఏడాదిలోపు 13 మంది ఆపరేషన్‌కు మారారు, 37 మందికి ఆ అవసరం రాలేదు. వీళ్లందరూ ఆపరేషన్‌కు తగినవాళ్లని డాక్టర్లు ముందే తేల్చినవాళ్లన్నది గుర్తుంచుకోవాలి.

కాబట్టి నా సలహా: మూడు నెలలు నిజాయితీగా వ్యాయామం చేసి, బరువు మీద దృష్టి పెట్టి, అవసరమైన మందులు వాడాక కూడా రాత్రి నిద్ర పట్టకపోతే, ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి నడవడమే యాతనైతే, అప్పుడు సర్జన్‌ను కలవండి. గ్రేడ్ ఎంతని చూసి కాదు, బతుకు ఎలా గడుస్తోందో చూసి నిర్ణయించుకోవాలి. మరీ ఆలస్యం కూడా మంచిది కాదు. మోకాలు వంగి బిగుసుకుపోయి, తొడ పూర్తిగా చిక్కిపోయాక చేస్తే కోలుకోవడం కష్టమవుతుంది.

అరుగుదల లోపలి వైపు ఒక్క భాగంలోనే ఉండి, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిగా ఉంటే, అరిగిన ఆ భాగాన్ని మాత్రమే మార్చే సగం మార్పిడి గురించి అడగండి. దానికి కోత చిన్నది, కోలుకోవడం వేగం. కానీ 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం 25 ఏళ్ల తర్వాత కూడా నిలిచేవి పూర్తి మార్పిడిలో సుమారు 82 శాతం, సగం మార్పిడిలో సుమారు 70 శాతం. అరవై లోపు వయసు, కాలు దొడ్డిగా వంగి, బరువు పనులు చేసేవాళ్లకు కీలు మార్చకుండా ఎముక కోసి వంపు సరిచేసే ఆపరేషన్ కూడా ఉంది. చిన్న వయసులో కీలు మారిస్తే మళ్లీ మార్చాల్సి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వీళ్లు దాని గురించి తప్పక అడగాలి.

రోబో సర్జరీ అని బోర్డులు పెడుతున్నారు. కృత్రిమ కీలును మరింత కచ్చితంగా అమర్చడానికి రోబో సాయపడుతుంది. రోగికి నొప్పి, నడక ఇంకా బాగుంటాయని గట్టిగా రుజువు కాలేదు. దానికి అదనంగా డబ్బు కట్టేకంటే, ఏటా ఎక్కువ మోకీళ్లు మార్చే అనుభవజ్ఞుడైన సర్జన్ ఎవరో, ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ ఎలా ఇస్తారో చూడటం మేలు. కృత్రిమ కీలు ధరకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్నులు కాక. బిల్లులో మిగతాది ఆసుపత్రి ఖర్చు కాబట్టి ముందే విడివిడిగా రాయించుకోండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం), ఈఎస్ఐ ఉన్నవాళ్లు మీ కేసుకు ప్యాకేజీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రనో, సంబంధిత కౌంటర్‌లోనో అడగాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో మోకీలు మార్పిడికి రెండు మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉండటం మామూలు.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఆసుపత్రిలో ఉండటం, కోలుకోవడం ఒక్కసారితో అయిపోతాయి. కానీ గుండె, ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది. డెబ్బై దాటినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఒకటి చేసి కొన్ని నెలలు ఆగి రెండోది చేయడమే క్షేమం.

ఆపరేషన్ తర్వాత ఏమేం రావో కూడా ముందే తెలుసుకోవాలి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద వంగి మొక్కడం చాలామందికి కుదరదు. ఎంత మంచి చోట చేయించుకున్నా కొందరికి నొప్పి మిగులుతుంది. అదే రోజో మర్నాడో నడిపిస్తారు, కానీ అసలు కష్టం ఆ తర్వాత ఆరు వారాల్లో ఉంటుంది, కాలు మడత తెచ్చుకునే రోజులవి. విదేశాల్లో ఉన్న పిల్లలు మూడు వారాల సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించి వెళ్లిపోవడం చూస్తుంటాం. అమ్మకు సరిగ్గా తోడు కావాల్సిన నాలుగో వారంలో ఇల్లు ఖాళీగా ఉంటుంది. రోజూ దగ్గరుండి వ్యాయామం చేయించే మనిషి కుదిరాకే తేదీ పెట్టుకోండి.

నలుగురి ఎంపికలు

నలభై ఎనిమిదేళ్ల టైలర్, రోజంతా కూర్చుని కుట్టే పని, లేచేటప్పుడు నొప్పి, ఎక్స్‌రేలో గ్రేడ్ 2. ఈమెకు ఇంజెక్షన్ గానీ ఎంఆర్ఐ గానీ అక్కర్లేదు. వ్యాయామం, గంటకోసారి లేచి నడవడం, ఎత్తు కుర్చీ చాలు.

అరవై రెండేళ్ల వ్యవసాయ కూలీ, నాట్లకు వంగలేకపోతోంది, క్లినిక్‌కు రోజూ వెళ్తే కూలి పోతుంది. ఈమెకు రెండు మూడు సార్లు నేర్పి, ఇంట్లో చేసుకునే నాలుగు వ్యాయామాలు, జెల్, కిడ్నీ పరీక్ష చూశాకే అప్పుడప్పుడు మాత్ర. పదిరోజుల కరెంట్ ప్యాకేజీ ఈమెకు అమ్మడం అన్యాయం.

డెబ్బై రెండేళ్ల పెద్దాయన, కాళ్లు దొడ్డిగా వంగాయి, షుగర్ ఉంది, బాత్‌రూమ్ దాకా నడవడమే కష్టం, మూడు నెలల వ్యాయామం చేశారు. ఈయనకు ఇంజెక్షన్‌ల మీద ఇంకో ఏడాది గడపడం అనవసరం. షుగర్ అదుపులోకి తెచ్చుకుని, తొడ బలం పెంచుకుంటూ, ఒక్కో మోకాలు చొప్పున ఆపరేషన్‌కు సిద్ధం కావచ్చు.

యాభై ఆరేళ్ల గృహిణి, తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకుంది, గ్రేడ్ 3, రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తుంది. ఈమెను మొక్కు మానుకోమనను. మూడు నెలల ముందు నుంచి మెట్టు ఎక్కే వ్యాయామం పెంచుకుంటూ పోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, మధ్యలో చదునైన నడక, ఆగడానికి చోట్లు ఎక్కువ. శ్రీవారి మెట్టులో 2,388 మెట్లే, కానీ దారి నిటారుగా ఉంటుంది. మోకాళ్లకు మొదటిదే నయం, పొద్దున్నే బయల్దేరి ఆగుతూ ఎక్కవచ్చు. దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి కిందికి మాత్రం బస్సులోనే రావాలి.